గీత దాటాక

చూలా విస్టా శిక్షణ మైదానం మీద సముద్రపు పొగమంచు ఇంకా విడిపోలేదు. కార్నెల్ స్పైవీ బెంచీ మీద కూర్చుని కుడి మోకాలికి పట్టీ చుట్టుకుంటున్నాడు. అమెరికా రగ్బీ సెవెన్స్ జట్టులో అందరికంటే పెద్దవాడు. మిగతావాళ్లు బూట్లు తగిలించుకుని పరుగు మొదలుపెట్టినా అతని పట్టీ పూర్తి కాదు.

"ఏరా ఒహాయో, పెళ్లికూతురి ముస్తాబా?" అన్నాడు విలి. టోంగా వాళ్ల కుర్రాడు, చేరినప్పటినుంచీ కార్నెల్‌తో ఒకే గదిలో ఉంటున్నాడు.

"నోర్మూసుకుని పోరా."

ఆ రోజు ఎంపిక మ్యాచ్. ఒలింపిక్స్‌కి వెళ్లే పన్నెండుమందిలో పదకొండు పేర్లు ఖాయమే. మిగిలిన ఒక్క చోటుకి ఇద్దరున్నారు: కార్నెల్, కొత్తగా వచ్చిన ట్రెమెయిన్ బాస్కిన్. ఒలింపిక్స్ కార్నెల్‌కి ఇంతవరకూ అందలేదు. ఒకసారి భుజం విరిగింది, ఒకసారి మోకాలు. ఈసారి తప్పితే ఇక లేదు.

ట్రెమెయిన్ లాగే అతనూ అమెరికన్ ఫుట్‌బాల్ నుంచి వచ్చినవాడే. ఒహాయోలో చిన్న కాలేజీకి ఆడాడు. పెద్ద జట్లేవీ పిలవలేదు. టైర్ల గోదాములో పని చేస్తుంటే, పరిగెత్తగలిగితే రమ్మని రగ్బీ వాళ్లు కబురు పెట్టారు. ఊళ్లో ఆ ఆట ఎవరికీ తెలీదు. మంగలిషాపు నడిపే మేనమామకి ఒకసారి వీడియో చూపిస్తే, "ఏడుగురేనేంట్రా? మిగతావాళ్లు రాలేదా?" అన్నాడు. రొమ్ము మీద దేశం పేరు వేసుకుని కార్నెల్ ప్రపంచమంతా తిరిగాడు. ఆ దేశంలో అతన్ని గుర్తుపట్టేవాడు ఒక్కడూ లేడు.

మొదటి ఏడాది దుబాయ్‌లో కెన్యాతో ఆట. చివరి నిమిషంలో సగం మైదానం పరిగెత్తి గీత దాటాడు. దాటి, బంతిని ఆకాశానికి ఎత్తి చూపించాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆడిన ఆటలో గీత దాటితే చాలు, పాయింట్లు వచ్చేస్తాయి. రగ్బీలో చేత్తో బంతిని నేలకి ఆనించాలి. వెనకనుంచి వచ్చిన కెన్యా ఆటగాడు దాన్ని చేత్తో కొట్టి పడేశాడు. ఆట ముగిసిందని హారన్ మోగింది. ఓడిపోయారు.

జట్టులో ఒక ఆచారం ఉంది. అలాంటి తప్పు చేసినవాడికి రబ్బరు పాపాయి బొమ్మని అప్పగిస్తారు. ఇంకొకడు తప్పు చేసేదాకా బస్సుకైనా, విమానానికైనా దాన్ని ఎత్తుకునే తిరగాలి. కూర్చునే ముందు రెండు చేతులతో నేల మీద పడుకోబెట్టాలి. "తల జాగ్రత్తరోయ్, బిడ్డ తల!" అని అందరూ అరిచేవాళ్లు. ఆ చలికాలమంతా కార్నెల్ దాన్ని మోశాడు.

ఓడిన మర్నాడే అతను సంచి సర్దుకున్నాడు. న్యూజిలాండ్ నుంచి వచ్చిన కోచ్ పెన్‌రోజ్ గుమ్మంలో నిలబడి, "బంతి కింద పెట్టడం నేర్పొచ్చు. నీ కాళ్లలో పరుగుంది చూడు, అది నేనెవడికీ నేర్పలేను. సంచి విప్పు," అన్నాడు. ఇన్నేళ్లూ కార్నెల్ ఆ మాట పట్టుకునే బతికాడు.

ఎంపిక మ్యాచ్ చివర్లో బంతి ఎదుటి పక్షంలో ఆడుతున్న ట్రెమెయిన్‌కి దొరికింది. కార్నెల్ వెంటపడ్డాడు. అందుకోలేనని తెలుసు. పరిగెత్తాడంతే. ట్రెమెయిన్ గీత దాటాడు. దాటి, వేగం తగ్గించి, బంతిని పైకెత్తాడు.

కింద పెట్టరా అని ఒక్క అరుపు అరిస్తే వినిపించే దూరం. కార్నెల్ నోరు విప్పలేదు. ఎగిరి బంతిని కొట్టాడు. అది దొర్లుకుంటూ బయటికి పోయింది.

"పాపాయిని తీసుకురండ్రోయ్!" విలి గొంతు అందరికంటే పైన వినిపించింది.

ట్రెమెయిన్ ఖాళీ చేతులతో నిలబడ్డాడు. "గీత దాటాను కదన్నా? అందరూ చూశారు కదా?"

కార్నెల్‌కి లోపల ఎగిరి గంతేయాలన్నంత సంతోషం. అందుకు సిగ్గుగానూ ఉంది.

స్నానాలయ్యాక పెన్‌రోజ్ పిలిచాడు. "బాగా చేశావు."

"అయితే?"

"ట్రెమెయిన్‌ని తీసుకెళ్తున్నాను."

కార్నెల్ గోడకి ఆనుకున్నాడు. "బంతి కింద పెట్టడం కూడా రాదు వాడికి."

పెన్‌రోజ్ చూపు కార్నెల్ మోకాలి పట్టీ మీద ఉంది.

"నేర్పొచ్చు. అంతేనా కోచ్?" అన్నాడు కార్నెల్.

"అంతే."

"ఎవరు నేర్పుతారు?"

"నువ్వుంటావనుకున్నాను."

"మీకు సిగ్గులేదు."

"లేదు," అన్నాడు పెన్‌రోజ్, నెమ్మదిగా.

కార్నెల్ సంచి భుజాన వేసుకుని భోజనాల గదిలోంచి కారు దగ్గరికి బయల్దేరాడు. ట్రెమెయిన్ చేతిలో కోడి కూర పళ్లెం, చంకలో ఫుట్‌బాల్ ఇరికించినట్టు పాపాయి. బల్ల దగ్గరికి వచ్చి బొమ్మని కిందికి వదిలేశాడు. అది తల తగిలి పక్కకి దొర్లింది. అందరూ గోల చేశారు. విలి మాత్రం కార్నెల్ వైపు చూసి తినడం ఆపేశాడు.

కార్నెల్ గుమ్మం దాకా వెళ్లాడు. ఆగి, సంచి దించాడు. వెనక్కి వచ్చి బొమ్మ పక్కన మోకాలి మీద వంగాడు. నొప్పికి పళ్లు బిగిశాయి.

"అలా కాదు. రెండు చేతులు. ఒళ్లంతా దాని మీదికి వంగాలి. వెనక ఎవడో వస్తున్నాడనుకో."

"ఇక్కడెవరొస్తారన్నా?"

"ఇందాక నేను రాలేదూ?"

ట్రెమెయిన్ ముఖం దించుకుని, పళ్లెం పక్కన పెట్టి, పాపాయిని రెండు చేతులతో నేలకి ఆనించాడు.

"మళ్లీ," అన్నాడు కార్నెల్.