నూకరత్నంగారి పది గంటలు

కింది ఫ్లాటు వాళ్ళు ఈ ఉదయం పెద్ద జంపఖానా ఒకటి మేడ పిట్టగోడ మీద ఆరేసి కర్రతో దులిపారు. దెబ్బ పడినప్పుడల్లా పాత నూలు వాసన, నాఫ్తలీన్ వాసన, ఎండలో వేడెక్కిన దుమ్ము వాసన కలిసి నా కిటికీలోకి వచ్చాయి. చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాను. ఆ వాసనతో నాకు గుర్తుకు వచ్చేది ఒక్కరే, నూకరత్నంగారు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ మీద నాకున్న అసూయ మాత్రం పోలేదు. డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ రోజూ డైరీ రాసే అలవాటున్న మనిషిని. రాయవలసిన మాట ఒకటి ఇన్నాళ్ళూ రాయకుండా దాటేశాను.

డెబ్బైల చివర నేను జంషెడ్‌పూర్‌లోని ఒక పెద్ద లైబ్రరీలో అసిస్టెంటుని. లైబ్రరీ సైన్సు చదువుకున్నాను. ఏ పుస్తకం ఏ అలమరలో ఎన్నో వరుసలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేవాణ్ణి. పుస్తకాల పనితో పాటు ఆదివారం కుటుంబాల కార్యక్రమం కూడా నా చేతిలోనే ఉండేది. సాయంత్రం నాలుగు గంటలకు హాలులో కుర్చీలు వరుసగా వేయించేవాణ్ణి. ముందు వరుస పెద్దలకు, వెనక వరుసలు ఉక్కు ఫ్యాక్టరీ కార్మికుల కుటుంబాలకు. ఒక ఉపన్యాసం, ఒక పాట, పిల్లలకు ఒక పోటీ. కాగితం మీద ఏ లోపమూ ఉండేది కాదు. హాలులో మాత్రం ముందు వరుస నిండేది, వెనక కుర్చీలు ఖాళీగా ఉండేవి. మన వాళ్ళకు చదువు మీద శ్రద్ధ లేదని డైరీలో రాసుకునేవాణ్ణి. కార్యక్రమాల విభాగం వేరుగా పెడతారనీ, దానికి ఇన్‌చార్జిని నేనేననీ అందరూ అనుకునేవారు. నేనూ అనుకున్నాను.

నూకరత్నంగారు అటెండరుగా చేరారు. బర్మామైన్స్ అనే కార్మికుల పేటలో ఉండేవారు. శ్రీకాకుళం వైపు మనిషి. భర్త జబ్బుచేసి పోయాక ఆ ఉద్యోగం దొరికింది. అంకెలు బాగా తెలుసు, అక్షరాలు అంతగా పట్టవు. అలమరలు తుడవడం, కుండల్లో నీళ్ళు నింపడం ఆవిడ పని. వేసవి సెలవుల్లో ఒకనాడు పొద్దున్న పది గంటలకు ఇరవైమంది పిల్లలను వెంటబెట్టుకుని వచ్చారు. నన్ను అడగకుండానే హాలులో కుర్చీలు గోడకు జరిపి జంపఖానా పరిచారు.

"ఇదేమిటండీ? కార్యక్రమం ఆదివారం నాలుగు గంటలకు కదా!" అన్నాను.

"అది మీ పోగ్రాము, రావుబాబూ. ఈళ్ళ అయ్యలు నైట్ డ్యూటీ సేసొచ్చి ఇప్పుడే తొంగున్నారు. ఒక్క గది కోటరు. గుంటలు గోల సేత్తే ఆ మనిసికి నిద్రేటి అవుద్ది? రాత్రికి మళ్ళీ ఫర్నేసు కాడికి ఎల్లాల గదా!"

ముందు కూర్చున్న చిన్నపిల్లను తెలుగులోనే అడిగాను, మీ నాన్న ఏం చేస్తున్నారని. "పాపా సో రహే హైఁ," అంది ఆ పిల్ల, పెదవుల మీద వేలు పెట్టుకుని. నాన్న పడుకున్నాడు, గట్టిగా మాట్లాడకు అని నాకే చెప్పినట్టుంది.

నూకరత్నంగారు కథ చెప్పడం మొదలుపెట్టారు. మధ్యలో తెలుగు, మధ్యలో హిందీ, ఒక చోట ఒడియా మాట. పిల్లలు నవ్వితే ఆపేవారు కాదు. "ఇక్కడ నవ్వండర్రా, ఇంటికెల్లి నవ్వితే మీ అయ్య కొడతాడు," అనేవారు. మా చీఫ్ లైబ్రేరియన్‌ను మేమంతా బడాబాబు అనేవాళ్ళం. ఆయన తలుపు దగ్గర నిలబడి కథ అయిపోయేదాకా విన్నారు. వేసవి దాటేలోపే ఆదివారం కార్యక్రమాలు ఆవిడ చేతికి వెళ్ళాయి. నోటీసులు మాత్రం నా చేతిరాతలో రావాలన్నారు.

ఆ రోజు ఇంటికి వెళ్ళి అన్నం తినలేదు. అసలు దెబ్బ తరువాతి ఆదివారం తగిలింది. మా ఆవిడ పార్వతి, పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా లైబ్రరీ గుమ్మం తొక్కని మనిషి, మేముండే బారిడీహ్ నుంచి ఇద్దరు పక్కింటివాళ్ళతో వచ్చి జంపఖానా మీద బాసిపట్టు వేసుకుని కూర్చుంది.

"నా కార్యక్రమానికి ఎన్నిసార్లు పిలిచినా రాలేదేం?" అన్నాను ఇంటికి వచ్చాక.

"వచ్చి ఏటి సెయ్యాలండీ? కుర్సీలో బిగుసుకుని కూకుని మీ మొకం సూడాలా? అది ఇంట్లో రోజూ సూత్తన్నాను గదా!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నూకరత్నంగారు పని చేసే తీరు నాకు ఇష్టం లేకుండానే తెలిసిపోయింది, ఎందుకంటే నోటీసులు రాయించుకోవడానికి ప్రతి శుక్రవారం నా బల్ల దగ్గరికి వచ్చేవారు. ఏ ఇంటి మనిషి ఏ షిఫ్టులో ఉన్నాడో ఆవిడకు నోటికి వచ్చు. ఎ షిఫ్టు మధ్యాహ్నం రెండుకు దిగుతుంది, ఆ ఇళ్ళకు సాయంత్రం నాలుగు. బి షిఫ్టు రెండుకు ఎక్కుతుంది, వాళ్ళకు పొద్దున్న పది. ఆదివారమైనా ఫర్నేసు చల్లారదని ఊరంతటికీ తెలుసు, జనరల్ డ్యూటీ మనిషినైన నాకు తప్ప. ప్రతి నోటీసులో రెండు సమయాలు ఉండాలనేవారు. "ఒక టైము పెడితే సగం మందికి తలుపేసినట్టే, రావుబాబూ." నేను తలూపి రాసేవాణ్ణి. ఇంత చిన్న సంగతి నా డిగ్రీలో ఎందుకు లేదా అని మండిపోయేవాణ్ణి.

సంవత్సరాంతపు ఉత్సవం వచ్చింది. ఆవిడ పెట్టిన అంశం ఒకటే. తండ్రిని ఎదురుగా కూర్చోబెట్టుకుని పిల్ల ఒక పేజీ పైకి చదవాలి. పిల్లలు నెలరోజులు సాధన చేశారు. సరిగ్గా ఆ వారమే పక్క ఊరు గమ్హరియాలో చెల్లెలి కూతురి పురిటికి ఆవిడ వెళ్ళవలసి వచ్చింది. ఎప్పుడూ ఇల్లిల్లూ తిరిగి నోటితో చెప్పే మనిషి, ఆసారి నోటీసుల మీదే వదిలి వెళ్ళారు. "పది, నాలుగు. మరి మీదే బారం," అన్నారు.

నేను నాలుగే రాశాను. అంకె వేయలేదు, "సాయంత్రం నాలుగు గంటలకు" అని తెలుగులోనూ హిందీలోనూ, ఆవిడకు పట్టని అక్షరాలతో రాశాను. ఎందుకలా రాశానో నాకు తెలుసు. శనివారం తిరిగి వచ్చిన ఆవిడ బోర్డు ముందు నిలబడి, "ముత్యాల్లాగున్నాయి అచ్చరాలు," అన్నారు.

ఆదివారం పొద్దున్న పదికి ఒక్కరూ రాలేదు. నూకరత్నంగారు మెట్ల మీద కూర్చుని రోడ్డు వైపు చూస్తూనే ఉన్నారు. నాలుగు గంటలకు హాలు నిండింది. బి షిఫ్టు ఇళ్ళ నుంచి తల్లులు, పిల్లలు మాత్రమే వచ్చారు. పన్నెండుమంది పిల్లల ఎదుట తండ్రి కూర్చోవలసిన చోటు ఖాళీగా ఉంది. ఒక పిల్ల చదవనంది. పుస్తకం గుండెకు ఆనించుకుని గోడవైపు తిరిగి నిలబడింది.

"పొద్దున్న ఎందుకు రాలేదే?" అని ఆవిడ ఆ పిల్ల తల్లిని అడిగారు.

"బోర్డులో నాలుగనే ఉంది గదమ్మా. మా ఆయన డ్యూటీకి ఎల్తా ఎల్తా ఎంత బాదపడ్డాడో!"

నూకరత్నంగారు నా దగ్గరికి వచ్చారు. "పది గంటల మాట మరిసిపోనారా, రావుబాబూ?"

"అవునండీ, మరిచిపోయాను."

"మీరు మరిసిపోయే మనిసి కాదు," అని మెల్లగా అని, ఆ పిల్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

బడాబాబుకు చెబుతారని ఎదురుచూశాను. చెబితే బాగుండునని కూడా అనుకున్నాను, అప్పుడైనా ఆవిడ నాలాంటి మనిషే అయ్యేవారు. మర్నాడు పొద్దుటిపూట బడి వదిలాక ఆ పన్నెండుమందినీ వెంటబెట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. "పుస్తకాలు బయటికి కావాలి. ఒక గంట."

కార్డు మీద రెండు పుస్తకాలే ఇవ్వాలన్నది నియమం. ఆ నియమాన్ని నేను ఎవరికోసమూ సడలించి ఎరుగను. ఆ రోజు పన్నెండు పుస్తకాలూ నా కార్డు మీద, నా సంతకంతో ఇచ్చాను. "మోయడానికి మీరూ రండి," అన్నారు ఆవిడ.

ఒంటిగంటన్నరకు ఫ్యాక్టరీ గేటు ముందు సైకిళ్ళు వరదలా వస్తున్నాయి. నూకరత్నంగారు పేరు పెట్టి ఒక్కొక్కణ్ణే కేకేసి ఆపుతున్నారు. "ఓరి అప్పన్నా, ఆగరా! నీ కూతురు సదువుద్ది, ఇనేసి ఎల్లు!" నిన్న గోడవైపు తిరిగిన పిల్ల తండ్రి సైకిలు దిగలేదు. ఒక కాలు నేల మీద ఆనించి, హెల్మెట్ తీసి హ్యాండిలుకు తగిలించి, వంగి విన్నాడు. ఆ చప్పుడులో పిల్ల గొంతు చించుకుని చదివింది. సగం పేజీ అయ్యేసరికి షిఫ్టు సైరన్, ఆ ఊళ్ళో భోంపూ అంటారు, మోగింది. అతను వెళ్ళలేదు. వెనక ఉన్నవాళ్ళు "చలో చలో" అంటున్నా పేజీ ఆఖరి మాట దాకా నిలబడి, పిల్ల తల మీద చెయ్యి వేసి, అప్పుడు తొక్కుకుంటూ లోపలికి పోయాడు. నా చేతుల్లో మిగతా పుస్తకాలు ఉన్నాయి. కళ్ళు తుడుచుకుందామన్నా వీలు లేదు.

ఆ ఆదివారం నాటి నా డైరీలో "ఉత్సవం ముగిసినది. హాలు నిండినది" అని ఉంది. అంతే ఉంది. మరుసటి శుక్రవారం ఆవిడ ఎప్పటిలాగే నోటీసు కాగితం నా ముందు పెట్టి, "పది, నాలుగు," అన్నారు. ఆవిడ కోప్పడి ఉంటే నేను ఈపాటికి మరిచిపోయి ఉండేవాణ్ణేమో. ఆవిడ రిటైరయ్యాక ఇన్‌చార్జి పని నాకే ఇచ్చారు. రెండు సమయాలతోనే నడిపాను, హాలు రెండుసార్లూ నిండేది. జనం మాత్రం "నూకరత్నమ్మ పోగ్రాముకి ఎల్తన్నాం" అనే వచ్చేవారు. విన్న ప్రతిసారీ చురుక్కుమనేది.

కిందటి ఏడు మా అపార్టుమెంటు సంఘం పిల్లలకు ఒక చదువుల గంట పెట్టమని నన్ను అడిగింది. నేను కాగితం, పెన్ను పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఎవరి డ్యూటీ ఎప్పుడు, ఎవరు పగలు నిద్రపోతారు అని అడిగి రాసుకున్నాను. ఆసుపత్రి నర్సులున్నారు, సెక్యూరిటీ వాళ్ళున్నారు, రాత్రంతా కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళున్నారు. రెండు సమయాలు పెట్టాను. మొదటిరోజే గది నిండింది. సంఘం కార్యదర్శి అందరి ముందూ, "అంకుల్, ఎంత మంచి ఆలోచన! ఇది మీకు తప్ప ఎవరికి తడుతుంది!" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆ మాట, ఆ చప్పట్ల కోసం నేను నలభై ఏళ్ళకు పైగా కాచుకుని ఉన్నాను.

"ఇది నాది కాదు, నూకరత్నంగారిది," అన్నాను. చప్పట్లు పూర్తిగా ఆగేదాకా విని, ఆ తరువాతే అన్నాను.