వెనక్కి అడిగి తెచ్చుకున్న క్యాలెండర్లు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా ఆడబిడ్డ. జమ్మలమడుగు నుంచి పొద్దున బస్సుకే వచ్చింది. నేను వాకిట్లో మిషన్ ముందు కూర్చుని సంచులకు చేతులు కుడుతున్నాను. చెప్పులు విడవకముందే నవ్వు మొదలుపెట్టింది.

"వదినా, నువ్వు క్యాలెండర్లో పడినావు. మా వీధి ఎరువులంగట్లో గోడకు యాలాడతాండావు. దేముడు పైన, నువ్వు కింద."

"నేనేంది, క్యాలెండర్లో పడేదేంది?"

"నేను గూడా నమ్మల్యా. అంగడాయన్ను అడిగి ఇప్పించుకొచ్చినా, సూడు."

చుట్టిన క్యాలెండర్ తీసి నా ఒళ్లో పరిచింది. పైన వేంకటేశ్వరస్వామి నిలువెత్తు పటం. నడుమ తేదీలు, తిథులు. అడుగున నేను సంచులు కుట్టే బట్టల అంగడి పేరు, దాని పక్కన అగ్గిపెట్టెంత ఫోటో. ఆ ఫోటోలో నేను శాలువా కప్పుకుని, చేతిలో షీల్డు పట్టుకుని నిలబడి ఉన్నాను. కింద నా పేరు, ప్రొద్దుటూరులో మేముండే వీధి పేరు, 'మా సంచులు కుట్టే చెల్లెమ్మ' అన్న మాట.

ముందు నాకు కలిగింది సంతోషం. అది రాయడానికే సిగ్గుగా ఉంది. బడి గడప తొక్కని దాన్ని. మా నాయన సాయంత్రం దీపం పెట్టాక పళ్లెంలో బియ్యం పోసి వేలు పట్టి అక్షరాలు దిద్దించాడు, అప్పటికి అంతే నా చదువు. అలాంటి దాని పేరు అచ్చులో, అదీ స్వామి పాదాల కింద. కూడబలుక్కుని చదివి, మళ్లీ చదివాను. అంతలో నా భర్త నీళ్లు పోసుకుని వచ్చి నా భుజం మీదుగా చూశాడు. పోయి వీధి తలుపు మూసి గడియ పెట్టాడు. మా ఆడబిడ్డ నవ్వు అప్పుడు ఆగింది.

మేము ప్రొద్దుటూరు వాళ్లం కాదు. మా అత్తగారి ఊరు పులివెందుల దగ్గర ఒక పల్లె. ఊళ్లో ఇద్దరు పెద్దలు, రెండు వర్గాలు. ఎన్నికలు వస్తే ఒకరు ఒక పార్టీ జెండా పట్టేవారు, రెండోవారు దానికి ఎదుటి జెండా పట్టేవారు. వచ్చే ఎన్నికలకు జెండాలు అటువి ఇటు మారేవి, పగలు మాత్రం మారేవి కావు. నా భర్త ఒక పెద్దాయన దగ్గర జీపు తోలేవాడు. ఒకనాడు నలుగురు ఎక్కారు, ఫలానా చోట ఆపమన్నారు, ఆపాడు. అక్కడ ఎదుటి వర్గం పిల్లవాడొకడు చనిపోయాడు. పెళ్లయి రెండేళ్లు కాలేదు ఆ పిల్లవాడికి. కేసులో నా భర్త పేరు కూడా ఎక్కింది. సాక్ష్యం చెప్పేవాళ్లు లేక కోర్టు కొట్టేసింది. చనిపోయిన వాడి అన్నలు మాత్రం జీపు తోలినవాణ్ని కూడా వదిలేది లేదని రచ్చబండ దగ్గర అన్నారు. మేము రెండు ట్రంకు పెట్టెలతో ఊరు విడిచాము. ఎక్కడున్నామో మా ఆడబిడ్డకు తప్ప ఎవరికీ తెలియదు. ప్రొద్దుటూరు వచ్చాకే మాకు పాప పుట్టింది. నా భర్త స్టీరింగ్ మళ్లీ పట్టలేదు, నూనె మిల్లులో మూటలెత్తే పనికి పోయేవాడు. ఇప్పుడు ఆ దాచుకున్న ఇంటి వీధి పేరును బట్టల అంగడి సావుకారు అచ్చేయించి ఊరూరా పంచాడు.

ఆయన్ను తప్పు పట్టే నోరు నాకు లేదు. మాకు అన్నం పెట్టినవాడు. అంగడి పెట్టి పదేళ్లయిందని పండగ చేస్తూ, కొన్న ప్రతివాళ్లకూ ఇంట్లో నిలిచే వస్తువు ఒకటి ఇవ్వాలని ఆశపడ్డాడు. ప్లాస్టిక్ కవరు ఎవరైనా ఇస్తారు, చేత్తో కుట్టిన గుడ్డ సంచి ఇద్దామన్నాడు. లోపల బస్సు టికెట్టు, ఆకువక్క పెట్టుకోవడానికి చిన్న జేబు పెట్టమన్నాడు. రంగు దగ్గర మాత్రం మేము శానా పొద్దు కూర్చోవలసి వచ్చింది.

"పసుపు మంగళకరం గదన్నా," అన్నాను.

"మంగళకరమేమ్మా. ఆ సంచి పట్టుకుని ఒక ఊర్లోకి పోతే హారతిస్తారు, పక్కూర్లోకి పోతే పెరికి పారేస్తారు."

"నీలం?"

"దానికీ ఒక జెండా ఉండాది."

"తెలుపు పెడదాం. దానికెవరూ అడ్డం రారు."

అంగడి గుమాస్తా బట్టలు మడత పెడుతూ తల ఎత్తకుండానే అన్నాడు, "తెల్లబట్టలోళ్లే గదా తల్లీ ఈ గొడవలన్నీ జేసేది."

చివరికి మట్టి రంగు పెట్టాము. మన్నుకు పార్టీ లేదన్నాడు సావుకారు. ఆ గుమాస్తా మా నాయన వయసువాడు, చిన్నాయనా అని పిలిచేదాన్ని.

పండగ నాడు కల్యాణ మంటపంలో పెద్ద బేరగాళ్లకు స్టీలు క్యారియర్లు, నేతగాళ్లకు గోడ గడియారాలు ఇచ్చారు. సంచులు కుట్టినదాన్ని కూడా పిలవాలని సావుకారు భార్య పట్టుబట్టిందట. ఆ తల్లి నా చేయి పట్టుకుని మెట్లెక్కించింది. ఫోటో తీశారని తెలుసు. అది క్యాలెండర్లో పెట్టించి నాకు ఆశ్చర్యం కలిగించాలనుకున్నారు, అది తెలియదు.

మా ఆడబిడ్డ వచ్చిన పూటే నేను అంగడికి పోయాను. నా భర్త వెంట వచ్చి, గడప అవతల తువ్వాలు తలకు చుట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా, క్యాలెండర్లో నా ఫోటో వద్దు. ఎట్లన్నా తీసెయ్యండి."

"ఏమ్మా, బాగ పల్లేదా?"

"బాగుంది. వద్దు."

"ఇంట్లో పెద్దోళ్లు కోప్పడినారా?"

నేను తల వంచుకున్నాను. సావుకారు నన్ను చూశాడు, గడప అవతలి మనిషిని చూశాడు. వీధి వైపు వీపు పెట్టకుండా నిలబడిన మనిషిని చూస్తే మా జిల్లాలో ఎవరికైనా సంగతి అర్థమవుతుంది. ఏ ఊరు, ఏ గొడవ అని ఒక్క మాట అడగలేదు.

"మామా," అని గుమాస్తాను పిలిచాడు. "ఇచ్చినవన్నీ వాపసు తేవాల. అంగట్లో ఉండేటివి ఇప్పుడే పొయ్యిలో... వద్దు, దేముడు ఉండాడు. కింది ముక్క కత్తిరించు."

"ఇచ్చింది మల్లా అడిగితే ఏమంటారప్పా జనం? దేముని పటం ఎవురిస్తారు?"

సావుకారు క్యాలెండర్లో తేదీల మీద వేలు పెట్టాడు. "ఏకాదశులు తప్పు పడినాయని జెప్పు. తిథి తప్పంటే గోడకు ఒక గడియ గూడా ఉంచరు. బదులుకు ఒక స్వామి పటం, ఒక సంచి ఇయ్యి."

నేను అక్కడే ఉన్నాను. పిల్లప్పటి నుంచి ఏకాదశి నాడు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని దాన్ని. అది వద్దు, ఇంకో మాట చెప్పండి అనలేదు. తల ఊపాను.

ఆ దినం నుంచి బదులు సంచులు కుట్టాను, కూలి వద్దన్నాను. చిన్నాయన బస్సుల్లో తిరిగాడు. పెళ్లిళ్లకు బట్టలు కొన్నవాళ్లు ఏ ఊరివాళ్లో అంగట్లో అందరికీ ఎరుకే. జమ్మలమడుగు వైపువన్నీ మా ఆడబిడ్డే బతిమాలి తెచ్చింది. జనం గొణుక్కుంటూనే ఇచ్చారు. పదేళ్ల పండగతో రావలసిన మంచి పేరుకు బదులు, తిథులు తప్పు అచ్చేసిన అంగడి అన్న పేరు వచ్చింది సావుకారుకు. సంతలో ఒకాయన నా ముందే అన్నాడు, "శాలువాలకు దుడ్లు పెట్న్యాడు, పంచాంగం జూసే అయ్యవారికి పెట్టల్యా." ఆ మాట చెవిన పడితే సావుకారు నవ్వి, బదులు సంచులకు ఇంకో తాను బట్ట ఇచ్చాడు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అంతకన్నా సిగ్గు పడవలసింది తర్వాత వచ్చింది. ఒకనాడు నేను సంచులు ఇవ్వడానికి అంగడికి పోతే ఒక ఆమె క్యాలెండర్ చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఎండలో నడిచి వచ్చినట్టుంది.

"మొన్న ఏకాదశని ఉపాసముంటిని. అది ఏకాదశి కాదంటారే. కడుపుతో ఉండే బిడ్డ కోసరం ఉంటి. మల్లా యానాడు ఉండాల?"

చిన్నాయన నా వైపు చూశాడు. నేను సంచుల కట్ట విప్పుతున్నట్టు వంగాను. ఆమె తనే అనుకుని తనే తేల్చుకుంది. "రేపు మల్లా ఉంటాలే. బిడ్డకేమన్నా అయితే నాదే పాపం," అని, సంచి తీసుకుని, దణ్ణం పెట్టి పోయింది. నా మొగుడి ప్రాణం కోసం ఎవరో తల్లి ఒకే ఉపవాసం రెండుసార్లు ఉంటోంది. అలాంటివాళ్లు ఎన్ని పల్లెల్లో ఎందరున్నారో. ఆ నెలంతా నేనూ అన్నం సరిగా తినలేదు, తినకపోతే మాత్రం వాళ్ల రుణం తీరుతుందా?

పులివెందుల వైపు పోవడానికి చిన్నాయన ఆఖరున బయలుదేరాడు. ఆ పల్లెల్లో మా ఊరు కూడా ఉందని నేను ఆయనకు చెప్పలేదు. చెబితే పోలేడని భయం. సాయంత్రానికి తిరిగి వచ్చి మా వాకిట్లో కూర్చుని చెంబెడు నీళ్లు తాగాడు. నా భర్త మిల్లు నుంచి అప్పుడే వచ్చి ఉన్నాడు. చిన్నాయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

మా ఊళ్లో ఒక్క ఇంట్లోనే ఉందట ఆ క్యాలెండర్. మనవరాలి పెళ్లికి మా అంగట్లోనే బట్టలు తీశారు వాళ్లు. మగవాళ్లు చేలకు పోయారు. ఒక అవ్వ వంటింట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. క్యాలెండర్ పొయ్యి పక్క గోడకు తగిలించి ఉంది. ఏకాదశులు తప్పు పడ్డాయి, వాపసు ఇవ్వమని చిన్నాయన అడిగాడు. అవ్వ చేతిలో చింతపండు పక్కన పెట్టింది.

"అప్పా, నాకు సదువు రాదు. మనవరాలు ఆ దినాల కాడ కుంకం పెట్టిపాయ. దాన్ని జూసి ఉంటాండా. నా కొడుకు సచ్చిపోయినకాడ్నించి వాని పేరు మీద ఉంటాండా. ఈ యాడాది రెండు అయినాయి. ఆ రెండూ వానికి ముట్టలేదంటావా?"

ఇన్ని ఊళ్లలో చెప్పిన మాట చిన్నాయన అక్కడ చెప్పలేకపోయాడట.

"తప్పు పడల్యా అవ్వా. తేదీలన్నీ సరిగ్గానే ఉండాయి. కింద ఆ ఫోటో కోసరం వచ్చినా."

అవ్వ లేచి క్యాలెండర్ దగ్గరకు పోయింది. ఫోటో మీద మసి పట్టి ఉంటే కొంగుతో తుడిచింది.

"ఈ పిల్ల కోసరమా. పటం ఇంటికొచ్చిన నాడే గుర్తు పట్న్యా. పెండ్లయి మా వీధిలోకొచ్చిన నాడు హారతి పట్టినదాన్ని. అందుకే గదా ఈడ తగిలిచ్చినా. మా మగోళ్లు వంటింట్లోకి రారు."

"ఎవురికీ జెప్పల్యా అవ్వా?"

"జెప్తే నా కొడుకొస్తాడా? మొగుడు పోయి ఏడ్సే పిల్ల ఈ ఇంట్లో ఒగతి ఉండాది. రోజూ సూస్తాండా."

తర్వాత కత్తిపీట ముందుకు జరిపింది. "దేముణ్ణి, తేదీల్ని నాకు ఇడిసిపెట్టు. కింది ముక్క నువ్వే కోసుకో. నా సేత్తో కొయ్యలేను, ఆ పిల్ల ముత్తైదువ." సంచి ఇవ్వబోతే వద్దంది. గడప దాటుతుంటే వెనక నుంచి అడిగిందట, ఆ పిల్లకు బిడ్డలుండారా అని. ఒక పాప ఉందని చిన్నాయన చెప్పాడు. ఆమె మళ్లీ చింతపండు ముందు కూర్చుంది.

చిన్నాయన ఆ ముక్క నా చేతిలో పెట్టి, ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయాడు. నా భర్త గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అటు తిరిగే అన్నాడు, "జీపు నేను యాడ ఆపినానో ఆ యమ్మకు తెలుసు."

స్వామి దయవల్ల మమ్మల్ని వెతుక్కుంటూ ఎవరూ రాలేదు. నా భర్త ముసలివాడై, మంచం మీద, నా చేతి నీళ్లు తాగి పోయాడు. అందుకు ఆ దేవుడికీ, సావుకారుకూ, చిన్నాయనకూ రోజూ దణ్ణం పెట్టుకుంటాను. కానీ ఆ అవ్వ దగ్గరకు నేను పోలేదు. మొదట్లో భయం వల్ల పోలేదు. గొడవలు చల్లారి, భయం పోయాక కూడా పోలేదు, ఆమె ముందు ఏ మొహంతో కూర్చోవాలో తెలియక. ఆమె పోయిందని మా ఆడబిడ్డ చెబితే బ్రహ్మంగారిమఠం పోయి ఆమె పేరు మీద కొబ్బరికాయ కొట్టి వచ్చాను. బతికి ఉండగా చెప్పవలసిన మాటకు అది సరిపోదని నాకు తెలుసు.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఆ ఊళ్లో ఆమె మనవళ్లున్నారు. ఇది చదివినవాళ్లు, మీ ఇంట్లో దీపం పెట్టినప్పుడు, కొడుకును పోగొట్టుకుని కూడా ఇంకొక ఇంటి దీపం ఆర్పని ఆ తల్లిని ఒక్కసారి తలుచుకుని దణ్ణం పెట్టండి. నేను చేయలేకపోయిన పని, మీరన్నా చేయండి.