డోలు ఆగాల్సిన చోట

ఆ అమ్మాయి కాగితం పట్టుకుని లేచింది. చదవడం మొదలుపెట్టకుండా చివరి బెంచీ వైపు చూసింది. అక్కడ భుజాన తువ్వాలు వేసుకుని, ఇరుకు బెంచీలో మోకాళ్ళు పట్టక పక్కకు తిరిగి కూర్చున్న ఒగ్గు కథకుడు ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కొత్తవాళ్ళు అలా చూసుకోరు. మొదటి బెంచీలో కూర్చున్న పిల్ల నా వైపు వంగి, "గాయిన వాళ్ళ నాయినే మేడమ్" అంది, ఆ మాత్రం తెలీదా అన్నట్టు.

నాకు తెలీదు. వాళ్ళ ఊరివాళ్ళందరికీ తెలుసు, తరగతిలో సగం మందికి తెలుసు. నాతో చెప్పాల్సిన సంగతని ఎవరికీ తోచలేదు. కాలేజీ దరఖాస్తులో తండ్రి వృత్తి అన్నచోట వ్యవసాయం అని ఉంది. ఆ అమ్మాయి చేతిలో ఉన్న కాగితంలో మొదటి నుంచి చివరిదాకా 'కథకుడు' అనే ఉంది తప్ప 'నాయిన' అని ఒక్కచోటా లేదు. దాన్ని దిద్దింది నేనే. ఎర్రసిరాతో 'ఇది అందరి ముందు చదవాలి' అని రాసిందీ నేనే.

మేడ్చల్ దారిలో ఉన్న ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. రెండో సంవత్సరం వాళ్ళకు ప్రదర్శనను చూసి సమీక్ష రాయడం అని ఒక చిన్న పాఠం ఉంది. సాధారణంగా నోట్సు చెప్పి ముగించేస్తారు. చూడని ప్రదర్శన గురించి నోట్సు చెప్పడానికి నాకు నోరు రాలేదు. మా అటెండరుది రావల్కోల్. వాళ్ళ ఊళ్ళో ఒకరింట్లో పూజ ఉందని, ఆదివారం మధ్యాహ్నం నుంచి ఒగ్గు కథ చెప్పిస్తున్నారని చెప్పాడు. ప్రిన్సిపల్‌ని బతిమాలి కాలేజీ బస్సు తీసుకున్నాను.

మాది కృష్ణా జిల్లా. చిన్నప్పుడు మా నాన్న నన్ను నాటకాల పోటీలకు తీసుకెళ్ళేవారు. న్యాయనిర్ణేతల బల్ల వెనకే మేం కూర్చునేవాళ్ళం. వాళ్ళ కాగితాల్లో ఐదు గళ్ళుండేవి: కథ, నటన, వేషధారణ, రంగాలంకరణ, సమయపాలన. సమీక్ష అంటే నాకు తెలిసిన పద్ధతి అదే. అవే గళ్ళు గీసి జిరాక్సు తీయించి, బస్సులో అందరికీ పంచాను.

నేను భయస్థురాలిని. నా ఇద్దరు పిల్లల స్కూలు బస్సు సుచిత్ర చౌరస్తా దగ్గర పది నిమిషాలు ఆలస్యమైతే డ్రైవరుకు మూడుసార్లు ఫోన్ చేస్తాను. ఆ ఆదివారం కూడా కథ వినడం కంటే తలలు లెక్కపెట్టడమే ఎక్కువ చేశాను. ఎండ, వీధి కుక్కలు, మంచినీళ్ళు, ఎవరైనా పొలాల వైపు వెళ్ళారా అని. అయినా కథకుడు నన్ను వదల్లేదు. చేతిలో ఒగ్గు అనే చిన్న వాయిద్యం, కాళ్ళకు గజ్జెలు, వెనక డోలు, తాళాలు. కథలో మనుషులంతా ఆయనే. తువ్వాలు తలకు చుడితే రాజు, ఒళ్ళో పెట్టుకుంటే పసిబిడ్డ, తలమీద కప్పుకుంటే అడవికి పోయే తమ్ముణ్ని సాగనంపే అక్క.

కాగితాలు వచ్చాక దిద్దడానికి కూర్చుంటే నీరసం వచ్చింది. 'చాలా బాగుంది', 'కళను కాపాడుకోవాలి' అనే మాటలే. కొంపల్లిలో విల్లాల నుంచి వచ్చే అబ్బాయి ఒకడు మాత్రం గళ్ళన్నీ నిజాయితీగా నింపాడు. 'వేషధారణ: సున్నా. కథకుడు ఒక్కసారి కూడా దుస్తులు మార్చుకోలేదు. రంగాలంకరణ: సున్నా. వెనక గేదె కట్టేసి ఉంది.' నా గళ్ళ ప్రకారం వాడు తప్పు రాయలేదు.

ఈ అమ్మాయి ఐదు గళ్ళనూ ఖాళీగా వదిలేసి కాగితం వెనక్కి తిప్పి రాసింది. అంత పదునైన సమీక్ష నేను ఎమ్మేలో కూడా రాయలేదు. సమీక్షలు చదివించే రోజున కథకుణ్ని కూడా వచ్చి పిల్లలతో మాట్లాడమని నేను పిలిచింది రెండు గంటలకు. మేడ్చల్ వచ్చే ఆటో ముందే దొరికిందని పదకొండున్నరకే వచ్చాడు. అప్పుడు కొంపల్లి అబ్బాయి తన సున్నాలు చదువుతున్నాడు. వెనక కూర్చోమని సైగ చేశాను. కళాకారుడి ఎదుటే సమీక్ష చదివించడం ఇంకా మంచి పాఠం అవుతుందనుకుని, తర్వాత ఆ అమ్మాయిని లేవమన్నాను.

ఇప్పుడు మొదటి బెంచీ పిల్ల మాట విన్నాక నాకు గుర్తొచ్చింది వేరే. పోయిన నెల ఆ అమ్మాయి పది రోజులు కాలేజీకి రాలేదు. అడిగితే వాళ్ళ పెదనాయిన చదువు మాన్పించమంటున్నాడని చెప్పింది. గా కాలేజిల ఏం నేర్పుతరు అని రోజూ అడుగుతాడట. ఇంట్లో ఆమె వైపు మాట్లాడేది వాళ్ళ నాయిన ఒక్కడే. ఇక ఆ నాయిన తప్పులనే ఆమె చేత ముప్పై మంది ముందు చదివించబోతున్నాను. రేపటి నుంచి ఆ బెంచీ ఖాళీ అయితే దానికి కారణం నేనే.

ఇవాళ్టికి చాల్లే, కూర్చోమని అనబోయాను. ఆయనే ముందు నోరు విప్పాడు.

"సదువు బిడ్డా. నన్ను జూసి ఆపకు."

ఆమె చదివింది. మొదట గొంతు సన్నగా ఉంది. కథకుడి గొంతు బాగుందని అందరూ రాశారు కాబట్టి తాను రాయడం లేదంది. అక్క తమ్ముణ్ని సాగనంపే చోట కథకుడు తువ్వాలు కప్పుకుని మూడడుగులు వెనక్కి వేయాలి. మొదటి అడుగుకు వాకిలి, రెండో అడుగుకు గడప, మూడో అడుగుకు ఇంటి లోపలి చీకటి. మొన్న రెండే వేశాడు. వెనక ఎవరో సౌండ్ బాక్స్ పెట్టారు. దాన్ని జరపమని ఆయన అడగలేదు. అక్క గడప మీదే ఉండిపోయింది.

తర్వాతి వాక్యాల దగ్గర ఆమె గొంతు నిలబడింది. ఆ చోట డోలు ఆగాలి, ఆగలేదు. ముందు వరుసలో ఫోన్లు పట్టుకున్న కుర్రాళ్ళు ఈల వేశారు. ఈల పడగానే డోలు జోరందుకుంది, కథకుడు ఏడుపు వదిలేసి చిందులోకి వెళ్ళిపోయాడు. పక్కన గోడ వారగా కూర్చున్న ముసలమ్మలు ఏడవడానికే వచ్చారు. కొంగులు చేతిలోకి తీసుకున్నారు కూడా. ఏడవకుండానే లేచి ఇళ్ళకు పోయారు. 'కథకుడు ఆ రోజు వాళ్ళకు అన్యాయం చేశాడు' అని ముగించింది.

ఆ డోలు వాయించేది వాళ్ళ పెదనాయినే అని మొదటి బెంచీ పిల్ల మళ్ళీ గుసగుసగా చెప్పింది. ఆమె చదువు మాన్పించమంటున్నది ఆయనే.

"గా అడుగుల ముచ్చట మళ్ళొక్కసారి సదువు" అన్నాడాయన.

మళ్ళీ చదివింది. ఆయన తల ఊపుతూ విని, "సౌండ్ డబ్బా గాదు బిడ్డా. మోకాలు నొస్తాంది" అన్నాడు.

"మోకాలు నొస్తే మూడు చిన్నడుగులేస్తవు నాయినా. ఏములాడ జాతరల గట్లనే ఏసినవ్. రెండెయ్యవు."

తరగతి అంతా నవ్వింది. ఆయనా నవ్వాడు, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఔ, డబ్బానే" అన్నాడు. నా వైపు తిరిగాడు. వాళ్ళ గురువు పోయి చాలా ఏళ్ళయిందట. ఆయన ఉన్నప్పుడు కథ అయ్యాక ప్రతిసారీ పక్కన కూర్చోబెట్టుకుని ఏది వదిలేశావురా అని అడిగేవాడట. "ఆయన పోయినంక నన్ను అడిగినోడు లేడు మేడమ్. మస్తు జెప్పినవ్ అంటరు, పోతరు."

ఆ తర్వాత కొంపల్లి అబ్బాయిని లేవమన్నాడు. వాడు బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

"అక్క కట్టుకున్న చీర ఏం రంగు కొడుకా?"

"ఆకుపచ్చండీ" అన్నాడు వాడు, ఆలోచించకుండానే.

వాడికి తను అన్నదేంటో అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. చీర ఎక్కడిది, ఉన్నదంతా ఎర్ర గళ్ళ తువ్వాలు. మెడ దాకా ఎర్రబడి, "మేడమ్, నా కాగితం ఒకసారి ఇస్తారా" అని చెయ్యి చాచాడు. వేషధారణ పక్కన సున్నా కొట్టేశాడు. నేను గీసిన గడిని కూడా కొట్టేశాడు. ఎనిమిదేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. నా పాఠం నా కళ్ళ ముందే నన్ను దాటి వెళ్ళడం అదే మొదటిసారి.

గంట కొట్టాక ఆయన కూతురి కాగితం తీసుకుపోవచ్చా అని అడిగాడు. పెదనాయిన గురించి నేను నసుగుతూ ఎత్తాను. ఏమైనా గొడవ అవుతుందేమో, కావాలంటే నేనొచ్చి మాట్లాడతానని.

"మీరెందుకమ్మా. కాలేజిల ఏం నేర్పుతరని అడుగుతుండు గద మా అన్న. ఇగ జూపిస్త" అన్నాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "డోలు యాడ ఆపాల్నో గూడ జూపిస్త."

అమ్మాయి ఆయన వెనకే మెట్లు దిగింది. కింద నుంచి వాళ్ళ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. వేములవాడలో వేసింది ఎన్ని అడుగులు అన్నదాని మీద ఇంకా తేలనట్టుంది.

మర్నాడు పొద్దున మా పిల్లలకు జడలు, బూట్లు, టిఫిన్ డబ్బాల హడావిడిలో ఆ సంగతి చెప్పాను. మా కాలేజీలో ఒక అక్క ఉందని, వాళ్ళ నాన్న కథ చెబుతాడని, ఆయన ఎక్కడ తప్పు చేశాడో అందరి ముందు లేచి చదివిందని. రెండో తరగతి చదివే పెద్దది జడ నా చేతిలో ఉండగానే వెనక్కి తిరిగింది.

"మరి వాళ్ళ నాన్న తిట్టాడా అమ్మా?"

తిట్టలేదని చెప్పాను. ఆ అక్క భయపడుతూనే చదివిందని, నేను ఆ అక్క కంటే ఎక్కువ భయపడ్డానని, వాళ్ళ నాన్న మాత్రం సరిగ్గా వినపడాలని మళ్ళీ చదివించుకున్నాడని చెప్పాను.