లిస్టులో అడగండి

ఏలూరులో ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసే సుమన మధ్యాహ్నం కుడిచేత్తో పెరుగన్నం తింటూ ఎడమచేత్తో మౌసు కదుపుతుంది. ఉచితంగా దొరికే ఓ సాఫ్ట్‌వేరును వాడే తెలుగువాళ్ల కోసం ఆమె ఒక మెయిలింగ్ లిస్టు నడుపుతోంది. ఒకరు సందేహం రాస్తే అందరికీ చేరాలి, తెలిసినవారు జవాబివ్వాలి. కానీ ఇక్కడివాళ్లకు మొహమాటం. నలుగురిలో అడగరు, సుమనకు విడిగా ఫోను చేస్తారు. ఆమె చెప్పేస్తుంది. లిస్టు ఖాళీగా ఉంటుంది. ఈ నెలాఖరులోగా సభ్యులు తమలో తాము మాట్లాడుకోకపోతే మూసేస్తామని సాఫ్ట్‌వేరు నిర్వాహకులు రాశారు.

ఆ రోజు కలిదిండి నుంచి చేపల చెరువుల నరసరాజు గారు ఫోను చేశారు.

"ప్రింటు తీస్తే తెలుగంతా డబ్బాలైపోతోందండీ."

"లిస్టులో రాయండి రాజుగారూ."

"అంతమందిలోనా? నాకేమీ రాదని అందరికీ తెలియాలా ఏవిటండీ? మీకు తెలుసు కదా, చెప్పేద్దురూ!"

సుమన మెతుకులు ఆరిపోయిన వేళ్లను చూసుకుంది. "తెలుసండీ. ఇవాళ చెప్పను."

కాసేపటికి లిస్టులో ఆయన మెయిలు వచ్చింది. అందులో సగం క్షమాపణలే. పెదవేగి నుంచి రత్నమాణిక్యం జవాబిచ్చింది. పోయిన వారం ఆవిడ ఇదే సంగతి సుమనను ఫోనులో అడిగింది. సుమన చెప్పినదంతా రాసింది గాని, మధ్యలో చేయాల్సిన ఒక పని రాయడం మరిచిపోయింది. సుమన ఆ ఒక్కటీ టైపు చేసి, పంపకుండా ఆగింది.

"తెలుగు రాలేదండీ," అని రాజుగారు రాశారు.

"ఉండండి, నేనూ మళ్లీ చేసి చూస్తాను," అని రత్నమాణిక్యం రాసింది.

సుమన తాను టైపు చేసినది చెరిపేసి, వాళ్లిద్దరి తర్వాతి మాట కోసం చూస్తూ కూర్చుంది.