చిన్నమ్మ నేర్పిన మడతలు

చిన్నమ్మ గుర్తొస్తే ముందుగా ఆమె కట్టుకున్న చేతులే కనిపిస్తాయి. అమ్మ చనిపోయాక కొన్నాళ్లు మాతో ఉండడానికి ఆమె త్రిపురారం నుంచి మిర్యాలగూడ వచ్చింది. మాకు వండిపెట్టలేదు. స్టవ్ పక్కన చేతులు కట్టుకుని నిలబడి, నాతోనూ తమ్ముడితోనూ వండించేది. అన్నం మాడుతున్నా చేతులు విప్పేది కాదు.

"తల్లి పోయిన పిల్లలు. గిట్ల పని చేయిస్తవా?" అని పక్కింటామె ఒకరోజు నిలదీసింది.

"నేను వండిపెడితే ఈ పూట గడుస్తది. నేను పోయినంక ఎట్ల?" అంది చిన్నమ్మ. ఆ గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. మాకు కూడా అప్పటికి ఏడుపు రావడం లేదు.

అమ్మ చీరలు ఇంకా దండెం మీదే ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు. ఊరికి వెళ్లే ముందురోజు చిన్నమ్మ మమ్మల్ని అక్కడికి పిలిచింది.

"బిడ్డా, కొంగు నువ్వు పట్టు. తమ్ముడు ఆ కొస పట్టుకుంటడు. గుంజకుండ్రి. అంచులు కలిపి, ఒకరి దిక్కు ఒకరు నడువుండ్రి."

రెండు చీరలు అయ్యాక తమ్ముడు ఆగాడు.

"అమ్మ ఇగ కట్టుకోదు గదా చిన్నమ్మా. మడతపెట్టుడు ఎందుకు?"

చిన్నమ్మ దండెం మీద మిగిలిన చీరల వైపు చూసింది.

"మడతపెట్టకపోతే రోజూ కనబడ్తయి, కొడుకా."

మేం ఇంకో చీర అందుకున్నాం.