బూట్లెక్కి వచ్చిన తెగులు

మొక్కల తెగుళ్ల మీద పరిశోధన చేసినవాళ్లు చాలామందే ఉంటారు. తెగులును స్వయంగా మోసుకెళ్లి తోటలో దింపి వచ్చిన ఘనుడు మాత్రం నేనొక్కణ్నే అనుకుంటాను. నవ్వండి, ఫర్వాలేదు. చివరిదాకా నవ్వగలరేమో చూద్దాం.

అరకు కొండల్లో అల్లాన్ని చంపే వడలు తెగులు నా పీహెచ్‌డీ అంశం. మట్టిలోని బ్యాక్టీరియా వేళ్లలో దూరి, మొక్క నీళ్లు తాగే దారి మూసేస్తుంది. దాని గురించి మూడు గంటలు ఏకధాటిగా చెప్పగలిగేవాణ్ని. ఎవరూ అడగకపోయినా చెప్పేవాణ్ని.

ఆ వానాకాలం ఒకరోజు, పొద్దుటంతా ఆ తెగులుకు చచ్చిన తోటలో మట్టి తవ్వుకుని, మధ్యాహ్నం పక్క ఊళ్లో సోమాలమ్మ తోటకు వెళ్లాను. ఆమెకు ఏడాది తిండీ, మరుసటేటి విత్తనమూ ఆ నాలుగు అల్లం మళ్లే. గట్టు మీద బూడిద కలిపిన నీళ్ల కుండ ఉంది.

"కాల్లు కడుక్కుని దిగు బాబూ" అంది.

"ఎందుకమ్మా?"

"ఒకరి తోట మట్టి ఇంకొకరి తోటలోకి తేకూడదు. తల్లికి కోపమొస్తాది."

"తెగులు తల్లి వల్ల రాదమ్మా. బ్యాక్టీరియా వల్ల వస్తుంది."

"అదెక్కడుంటాది?"

"మట్టిలో."

"మరి నీ బూట్లకున్నదేటి?"

బుద్ధున్నవాడెవడైనా అక్కడ ఆగుతాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, నాకైతే స్కాలర్‌షిప్ ఇచ్చి మరీ పోగొట్టారు. "వానొచ్చేలా ఉందమ్మా, టైము లేదు" అని బూట్లతోనే దిగాను. పై మడి నుంచి కింది మడి దాకా తిరిగి, ఆరోగ్యంగా ఉన్న మొక్కలకు ఫొటోలు తీసుకున్నాను.

మూడు వారాల తర్వాత వెళ్తే, నేను నడిచిన వరుసే ముందు పసుపుబారి వాలిపోయింది. మిగతా పని వాననీరు చూసుకుంది. కాండం ముక్కను గ్లాసు నీళ్లలో వేలాడదీశాను. పాలలాంటి ధార కిందికి దిగింది, అదంతా బ్యాక్టీరియానే. నా పరిశోధన మొత్తంలో అంత స్పష్టమైన ఫలితం ఎప్పుడూ రాలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"నా వల్లేనమ్మా" అన్నాను.

"తెలుసు. నీ సదువుకి పనికొస్తాదా ఇది?"

"వస్తుంది."

"అయితే అట్టుకెల్లు. మాకింక తినడానికీ లేదు, ఇత్తనానికీ లేదు."

పట్టుకెళ్లాను. గైడు గారు మురిసిపోయారు. "తెగులు పాకిన దారి ఇంత చక్కగా ఎక్కడ దొరికిందయ్యా?" అన్నారు. వైవాలో ఒకాయన "ఇంతకీ ఏ పురుగు మోసింది?" అని అడిగారు.

"రెండు కాళ్ల పురుగండీ" అన్నాను. అందరూ నవ్వి డాక్టరేటు ఇచ్చారు.

కనుక సకల సూక్ష్మజీవుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై కాళ్లు కడుక్కోనిదే ఏ తోటలోనూ అడుగు పెట్టను. ఈ మాట సోమాలమ్మకు చెబుదామనే వెళ్లాను. ఆమె కాఫీ తోటలో కూలికి పోయింది. తెగులు సోకిన ఆమె మళ్లలాంటి నేలలో ఏళ్ల తరబడి అల్లం వేయకూడదని నా థీసిస్‌లో నేనే రాశాను.