ఫ్లెక్సీ మీద హేమంత్

శ్రీనివాసులు కొడుకు హేమంత్ ఎలా పోయాడన్నది బోరబండలో వాళ్ల వీధికి రెండు రకాలుగా తెలుసు. సరిహద్దులో యుద్ధం నడుస్తున్న రోజులు. పోయినవాడు సైన్యంలో ఉన్నవాడు. ఇంకేం, యుద్ధంలోనే పోయాడని సగం వీధి తీర్మానించేసింది. మిగతా సగానికి నిజం తెలుసు. శిక్షణలో, పదిహేనో వారంలో, ఊపిరితిత్తులకు నిమ్ము పట్టి ఆసుపత్రిలో పోయాడు. పంతొమ్మిదేళ్లవాడు. తుపాకి పేల్చడం నేర్చుకున్నాడు గాని ఎవరి మీదా పేల్చింది లేదు.

వాడికి చిన్నప్పట్నుంచీ యూనిఫాం పిచ్చి. మూడేళ్లప్పుడు అమ్మానాన్నలతో అనంతపురం వైపు నుంచి బోరబండకు వచ్చాడు. ఇంటర్ కాగానే పుప్పాలగూడలో ఒక ఐటీ కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీగా చేరాడు. అదీ యూనిఫామే కదా! రోజుకి రెండు వేల మంది మెడలో కార్డు ఎత్తి చూపించి లోపలికి పోయేవారు, మొహం వంక చూసేవాడు ఒక్కడుండడు. "కార్డు సూపిస్తారు నాయనా, నన్ను మాత్రం సూడరు" అని నవ్వేవాడు. డ్యూటీకి ముందు ఖాజాగూడ చెరువు దగ్గర పరుగు సాధన చేసేవాడు. సైన్యం పరుగు పరీక్షలో మొదటిసారి నాలుగు సెకన్ల తేడాతో తప్పాడు, రెండోసారి గట్టెక్కాడు. ఆ రోజు శ్రీనివాసులు తన క్యాబ్ ఎక్కిన ప్రతి మనిషికీ ఆ కబురు చెప్పాడు. ఆ మహానుభావులు చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీయకుండానే "గ్రేట్ అండి" అన్నారు. అదే పదివేలనుకున్నాడు.

ఇక వీధిలో ఎవరికీ తెలియనిది, భార్య జయమ్మకు కూడా తెలియనిది ఒకటుంది. శిక్షణలో ఉన్నవాళ్లకు ఆదివారం కాసేపు ఫోన్ ఇస్తారు. ఆఖరి ఆదివారం హేమంత్ తండ్రికి చేశాడు.

"నాయనా, మూడు దినాలుగా జొరం. సెప్తే ఆసుపత్రిలో పెడతారు. శానా రోజులు పోతే ఎనక బ్యాచ్‌లోకి తోస్తారంట. ఏం సెయ్యమంటావ్?"

శ్రీనివాసులు క్యాబ్‌లో ప్యాసింజర్ ఉన్నాడు, వెనక ఎవడో హారన్ వాయించి చంపుతున్నాడు. "మాత్ర ఏసుకోని రెండు దినాలు ఓర్సుకో. ఇంత దూరం వచ్చి ఎనక్కి పోతావా?" అన్నాడు. గురువారం సైన్యం నుంచి ఫోన్ వచ్చింది.

అప్పట్నుంచి అతని మనసు మనసులో లేదు. శవపెట్టెతో పాటు వచ్చిన జవాన్లిద్దరూ నిటారుగా నిలబడి సెల్యూట్ చేశారు. జ్వరమని వాడు ముందే చెప్పి ఉంటే బతికేవాడా అని వాళ్లను తనకొచ్చిన హిందీలో అడిగాడు. "చెప్పలేం" అన్నారు. అవునంటే ఏడ్చేవాడు, కాదంటే ఊపిరి పీల్చుకునేవాడు. చెప్పలేమంటే మనిషి ఏం చేయాలి?

పెద్దకర్మ రోజు సంతాపసభ పెట్టాలని బస్తీ యువజన సంఘం స్వామి పట్టుబట్టాడు. శ్రీనివాసులును ఫ్లెక్సీ షాపుకి వెంటబెట్టుకెళ్లాడు. హేమంత్ పంపిన ఫొటోలో తెల్ల బనియన్, గుండు లాంటి క్రాపు ఉన్నాయి.

"ఏందన్నా గిది! జవాన్ లెక్క కనవడాలె కదా" అన్నాడు స్వామి.

కంప్యూటర్ ముందున్న సాయిచంద్ దగ్గర తలల్లేని యూనిఫాంలు రెడీగా ఉన్నాయి. హేమంత్ మొహం కత్తిరించి ఒకదానికి అతికించాడు. చేతిలో తుపాకి, ఛాతీ మీద నాలుగు పతకాలు. కింద 'శత్రువులతో పోరాడి వీరమరణం పొందిన' అని కొట్టి, "లైన్ ఓకేనా అంకుల్?" అన్నాడు.

పచ్చి అబద్ధమని శ్రీనివాసులుకు తెలుసు. కానీ శత్రువు చంపి ఉంటే ఆదివారం తనన్న మాటకు ఏ పాపమూ అంటదు. ఆ ఆలోచన రాగానే గుండె తేలికైంది, తేలికైనందుకు సిగ్గేసింది. "ఓకే" అన్నాడు.

సభలో స్వామి మైకు పట్టుకుని హేమంత్ చేత శత్రువుల్ని తరిమించాడు. జనం చప్పట్లు కొట్టారు. జయమ్మ మాత్రం ఫ్లెక్సీ వంక చూడనే లేదు. పక్కన కూర్చున్న భర్త వైపు వంగింది.

"ఏమయ్యా, జొరం ముదిరిందాకా వాడు ఎవురికీ ఎందుకు సెప్పల్యా? మనమంటే బయపడినాడా?"

తల ఊపితే సరిపోయేది. ఊపబోయాడు కూడా. భయపడి దాచాడన్న చెడ్డపేరు వాడికెందుకని అనిపించిందో, మరేమైందో గాని, నోరు దానంతటదే కదిలింది.

"సెప్పినాడు. నాకు. ఓర్సుకోమన్నా."

"వీరుని తండ్రి, మన శ్రీనివాసులన్న రెండు ముచ్చట్లు చెప్పాలె" అని మైకులో పిలుస్తున్నారు. అందరూ ఇటే చూస్తున్నారు. జయమ్మ తిడుతుందనుకున్నాడు, లేచిపోతుందనుకున్నాడు. ఆమె ఇంకా దగ్గరికి జరిగింది.

"ఫోన్లో దగ్గుతుండెనా?" అని అడిగింది.

"దగ్గుతుండె" అన్నాడు శ్రీనివాసులు. మైకు దగ్గరికి పోలేదు.